అవ్వ పంటిలో పాషాణం

మీ తరం వాళ్ళకు పన్ను నొప్పి అంటే ఒక మధ్యాహ్నపు పని. కుర్చీలో వెనక్కి వాలుతారు, చిగురులోకి సూది దిగుతుంది, మూతిలో సగం మీది కాకుండా పోతుంది. మిగిలిన సగంతో మీరు కబుర్లు చెబుతుండగానే డాక్టరు నరం లాగేసి, వేరు కడిగి, కన్నం పూడ్చి, ఇక వెళ్ళమంటాడు. వెళ్తూ వెళ్తూ మీరు "కొంచెం నొచ్చింది" అని ఫిర్యాదు కూడా చేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నవ్వితే నా పళ్ళు మీకు కనిపిస్తాయి గనుక ఆపుకుంటాను.

నేను కామారెడ్డిలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర కంపౌండరుగా చేరిన కాలంలో నొప్పి వచ్చినవాడు ముందు లవంగం పెట్టుకునేవాడు. అది పని చేయకపోతే మంగలాయన పటకారు దగ్గరికి పోయేవాడు. పటకారు జారితే మా దగ్గరికి వచ్చేవాడు. కాబట్టి మేం చూసిన ప్రతి పంటిలో పావు వంతు పన్ను, ముప్పావు వంతు లవంగాలు ఉండేవి. స్టేషను నుంచి ధాన్యం అమ్మే గంజికి పోయే దారిలో మా దవాఖానా. దాని వాసనకు మసాలా కొట్టు అని పొరబడి ధనియాలు అడిగినవాళ్ళను నేనే నూరు మందిని వెనక్కి పంపాను. అందులో ఇద్దరికి నిజంగానే పన్ను నొప్పి ఉందని తేలింది, అది వేరే సంగతి.

పేరుకు కంపౌండరును గానీ, నేను ఆ దవాఖానాకు మోటారును. పన్ను తొలిచే మర కాలితో తొక్కితే తిరిగేది. తొక్కేది నేను. ఒక్క దవడ పన్ను తొలవడానికి నేను తొక్కిన తొక్కుడును నేలమీద పరిస్తే సికింద్రాబాదు చేరి, చాయ్ తాగి, వెనక్కి వచ్చేవాణ్ణి. దాన్ని కుట్టుమిషను అనుకుని ఒకాయన లాగు గుడ్డ తెచ్చాడు. డాక్టరు సాబు అప్పుడు లోపల భోంచేస్తున్నాడు గనుక నేను కొలతలు కూడా తీసుకున్నాను.

మర ఉన్నా, నొప్పికి మొదటి రెండేళ్ళు మా వైద్యం ఒకటే, పీకుడు. డాక్టరు సాబు పంటిని పట్టుకునేవాడు, నేను మనిషిని పట్టుకునేవాణ్ణి. ఎవరు ముందు వదిలితే వాళ్ళు ఓడినట్టు. నేను ఎన్నడూ ఓడలేదు. ఒకసారి కుర్చీతో సహా వీధిలోకి వచ్చేశాం, అయినా వదల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలు కాలేదు. ఆ రోజుల్లో డాక్టరు సాబు రెండు నెలలు బొంబాయి పోయి వచ్చాడు. వస్తూ బొటనవేలంత గాజుబుడ్డి ఒకటి, వెంట్రుకకంటే సన్నంగా ఉండి ఒంటినిండా ముళ్ళున్న సూదుల పెట్టె ఒకటి తెచ్చాడు. బుడ్డిని అలమారలో పెట్టి తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి జంధ్యంలా మెళ్ళో వేసుకున్నాడు.

"ఇగ పీకుడు బంద్," అన్నాడు. "పన్నుల నరం ఉంటది. నొప్పి నరానిది, పన్నుది కాదు. ఈ మందు ఆవగింజల సగమంత పెట్టి పైన మూసేస్తే రెండొద్దులల్ల నరం సస్తది. మూడో దినం తెరిచి, ఈ ముండ్ల సూదితోని నరం గుంజి పారేసి, వేరు కడిగి నింపుతె అయిపాయె. మనిషి అరవడు. పన్ను ఊడదు."

"ఏం మందు సాబ్?"

"సంఖియా."

సంఖియా అంటే పాషాణం. ఎలుకలకు పెట్టేది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"భయపడకు. అది ఇంటికొచ్చిన మేమాన్ లెక్క," అన్నాడు డాక్టరు సాబు. "మూడొద్దులకు సాగనంపాలె. ఉంచుకుంటివా, నరం తిన్నంక చిగురు తింటది, చిగురు తిన్నంక దవడ ఎముక తింటది. చుట్టం ఇంట్లున్నడని మర్చిపోతే మాత్రం ఇల్లు మిగలదు."

ఈ ఒక్క మాట మీరూ గుర్తుంచుకోండి. మిగతా శాస్త్రమంతా మర్చిపోయినా నష్టం లేదు, నేనూ మర్చిపోయాను.

ఆ కొత్త వైద్యానికి ఎల్లారెడ్డి దిక్కు నుంచి వచ్చిన మొదటి మనిషి ఒక అవ్వ. ఎల్లారెడ్డికి రెండు కోసుల అవతల ఊరు, నాలుగు నాగళ్ళ వ్యవసాయం, మొగుడు పోయినా పగ్గాలు వదలని మనిషి. సోమవారం పొద్దున బస్సు ఆగగానే ముందు ఆమె బుగ్గ దిగింది. కొంతసేపటికి ఆమె దిగింది. వెనకాల నలభై ఏళ్ళ కొడుకు, పెద్ద మీసం, తల్లి ముందు నోరు విప్పే అలవాటు లేని పటేలు. ఆ బుగ్గ ఎంతుందంటే దాని కింద నీడలో మా వీధి కుక్క పడుకుంది. ఆమె గడపలో కూర్చుని ఒక్కసారి మూలిగితే స్టేషనులో గార్డు ఈల అనుకుని బండి కదిలిందని తర్వాత విన్నాను. నేను నమ్మాను.

"పీకుతనంటె ఇప్పుడే చెప్పుండ్రి, వచ్చిన బస్సుల్నే పోత," అంది అవ్వ. "పైపన్నూ కిందిపన్నూ కలిసేది నాకిది ఒక్కటే మిగిలింది. ఇది గూడ పోతె జొన్నరొట్టె నా దిక్కు చూస్తది, నేను రొట్టె దిక్కు చూస్త. గంతే."

"పీకం అవ్వా," అన్నాడు డాక్టరు సాబు. "కొత్త ఇలాజు వచ్చింది. లోపల నరం చంపుతం, పైన పన్ను బతుకుతది."

"లోపల పానం పోయినంక పైన పన్నెట్ల నిలుస్తది?"

డాక్టరు సాబు నా వైపు చూశాడు. బొంబాయిలో ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. నేను గోడవైపు చూశాను. చివరికి అవ్వే జవాబు వెతుక్కుంది.

"గదీ నిజమే తియ్. మా ముసలాయన పోయి పన్నెండేండ్లాయె. నేను ఇల్లు నిలబెట్టలేదా. కానియ్యి."

నేను తొక్కాను, డాక్టరు సాబు తొలిచాడు, బుడ్డిలోంచి ఆవగింజలో సగం మందు సూదిమొనతో తీసి, దూదిపోగుకు అద్ది, లోపల పెట్టి, లవంగనూనెతో కలిపిన తెల్లని ముద్దతో కప్పేశాడు. కొడుకు నా పక్కకు వచ్చి గుసగుసగా అడిగాడు.

"గది ఏం మందు?"

"బొంబాయి మందు పటేలా."

"దేంతోని చేస్తరు?"

"బొంబాయిల చేస్తరు."

ఆయన తృప్తిగా తలూపాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. కంపౌండరు ఉద్యోగం ఆ రెంటి మధ్య సందులోనే ఉంటుంది.

డాక్టరు సాబు లోపల చేతులు కడుక్కుంటూ కేకేశాడు: "కంపౌండర్ సాబ్, పర్సోఁ రమ్మని చీటీ రాసియ్యి. నోటితోని గూడ చెప్పు."

అప్పుడే బయట ఎల్లారెడ్డి బస్సు హారన్ కొట్టింది. ఆ బస్సు పదిసార్లు హారన్ కొట్టినా గంటదాకా కదలదని ఊరందరికీ తెలుసు. అయినా హారన్ వినగానే ఊరంతా పరిగెత్తేది. అవ్వ లేచింది. కొడుకు లేచాడు. నేను కలం అందుకున్నాను.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. ఆ రోజుల్లో నేను ఉర్దూ దస్తూరీ కొత్తగా నేర్చుకుని, రాసేందుకు గోడలు కూడా వదలని స్థితిలో ఉన్నాను. చీటీ అంటే నాకు చీటీ కాదు, సర్కారు ఫర్మానా. అక్షరాల తోకలు అందంగా తిప్పడానికే అరపేజీ పట్టింది. మిగిలిన జాగాలో రెండే మాటలు పట్టాయి: "పర్సోఁ హాజిర్." ఎల్లుండి హాజరు కావాలని నా ఉద్దేశం. సంతకం పెట్టి, కొడుకు చేతిలో పెట్టి, "ఇందుల ఉన్నది పటేలా, గట్లనే చెయ్యుండ్రి" అన్నాను. నోటితో చెప్పమన్నది మాత్రం చెప్పలేదు. అంత అందంగా రాసింది మళ్ళీ నోటితో చెప్పడం నా దస్తూరీకి అవమానమనిపించింది.

బుధవారం మధ్యాహ్నం బస్సు వచ్చింది. అవ్వ రాలేదు. సాయంత్రం బస్సు వచ్చింది. రాలేదు. గురువారం పొద్దున్నుంచి డాక్టరు సాబు గడపలో నిలబడి, దిగిన ప్రతి మనిషి దవడా చూడటం మొదలుపెట్టాడు. కొందరు నోరు మూసుకుని పక్క వీధిలోంచి పోయారు.

"చీటీ ఇచ్చినవా?"

"ఇచ్చిన సాబ్."

"నోటితోని చెప్పినవా?"

నేను సున్నం రాలుతున్న పైకప్పు చూశాను. "చెప్పిన సాబ్."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చాలా అబద్ధాలాడాను. అన్నీ మనుషుల ధైర్యం కోసమే. ఆ ఒక్కటి మాత్రం నా కోసం ఆడాను. అందుకే అది ఒక్కటే గుర్తుంది.

డాక్టరు సాబు ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళింటి వంటాయన చెప్పాడు. మర్నాడు పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి, ఎప్పుడో పీకిన పన్నొకటి సబ్బుబిళ్ళలో గుచ్చి నా ముందు పెట్టాడు. దాని కన్నంలో తెల్లముద్ద కుక్కి, చిన్న కొంకి ఇచ్చి తవ్వమన్నాడు.

"నేను పోదామంటే ఇయ్యాళ సర్కారు ఆఫీసరుకు పన్ను చూడాలె, కదలనియ్యరు. నువ్వు పో. వస్తే వెంట తీస్కరా. రాకపోతే అక్కడ్నే తియ్యి. నడిమికి గీకాలె. చిగురు దిక్కు జారితివా, మందంతా చిగురు మీద పడ్డట్టే."

ఇరవై సార్లు తవ్వాను. పన్నెండు సార్లు సబ్బు తవ్వాను. ఇక చాలు పొమ్మన్నాడు. పొమ్మన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఎల్లారెడ్డి బస్సు గురించి మీకు చెప్పాలి గానీ చెబితే నమ్మరు. కామారెడ్డిలో మమ్మల్ని అది ఎక్కించుకుంది. మధ్యలో నాలుగుసార్లు దాన్ని మేం మోసుకున్నాం. సరాసరి తీస్తే అదే మాకు బాకీ. దిగి, పనిముట్ల రేకుపెట్టె చంకన పెట్టుకుని, రెండు కోసులు ఎండలో నడిచాను. దారిపొడుగునా నాకు ఒకటే దృశ్యం: అవ్వ గడపలో కూర్చుని ఉంది, దవడ లేదు, మిగిలిన పై సగంతో నన్ను చూస్తోంది.

వాకిట్లో అవ్వ నిజంగానే కూర్చుని ఉంది. దవడ ఉంది. బుగ్గ మామూలు బుగ్గ అయిపోయింది. చుట్టూ ఏడెనిమిది మంది. అవ్వ జొన్నపేలాలు నములుతూ బొంబాయి మందు మహిమ చెబుతోంది.

"రా కంపౌండరూ, రా. నీకు నూరేండ్లు. నొప్పి లేదు, సలుపు లేదు. మొన్నటిసంది చెక్కముక్క లెక్కున్నది."

"మరి మొన్న రాలేదేంది అవ్వా? చీటీ ఇస్తి గదా," అన్నాను.

"మొన్న?" అంది అవ్వ. "సోమవారమే వస్తిమి గద."

కొడుకు లోపలికి పోయి, భూమి కాగితాల పెట్టెలోంచి నా చీటీ తెచ్చాడు. పసుపు బట్టలో చుట్టి ఉంది.

"మాకు ఉర్దూ రాదాయె," అన్నాడు. "బుధవారం సంతకు పోయినప్పుడు కచేరీ ముంగట అర్జీలు రాసే మున్షీ సాబుకు చూపిచ్చిన. గాయన చదివి, 'మొన్న హాజరైండ్రని రాసిండు. ఎప్పుడు పోతిరి?' అన్నడు. మొన్ననే పోతిమంటి. 'అయితే సరిగ్గనే రాసిండు, జాగ్రతగ పెట్టుకో, సర్కారుల పనికొస్తది' అన్నడు."

చీటీ తీసుకుని నా రాత నేనే చదివాను. ఉర్దూలో పర్సోఁ అంటే ఎల్లుండి. పర్సోఁ అంటే మొన్న కూడా. ఏదో తెలియాలంటే పక్కన క్రియ ఉండాలి. రండి అనో, వచ్చారు అనో. నా అక్షరాల తోకలకు జాగా చాలక క్రియను నేనే గెంటేశాను. సోమవారం నేను రాసిన ఎల్లుండి బుధవారం. బుధవారం మున్షీ చదివిన మొన్న సోమవారం. అవ్వను వైద్యానికి పిలవాల్సిన కాగితం అవ్వ హాజరైనట్టు రుజువై పెట్టెలో కూర్చుంది.

"ఏంది గట్ల తెల్లబోయినవ్?" అంది అవ్వ.

మొదట నేను తెలివిగా పోదామనుకున్నాను. "ఏం లేదవ్వా, డాక్టర్ సాబుకు మీ మీద ప్రేమ, పావురం ఎక్కువై ఒకసారి చూసి రమ్మన్నడు."

"పావురమైతే తనే రావాలె. చూసినవ్ గద, పో. బువ్వ తిని పో."

"ఒక్కసారి నోరు తెరువరాదు?"

తెరిచింది. పంటి పక్క చిగురు ఒకచోట సున్నపు చుక్క పెట్టినట్టు తెల్లగా ఉంది. గోరంత కూడా లేదు. నాకు మాత్రం పోచారం చెరువంత కనిపించింది.

"అక్కడ నొస్తున్నదా?"

"నొయ్యది. మొద్దుబారింది. అసలు తెలుస్తనే లేదు."

డాక్టరు సాబు చెప్పింది గుర్తొచ్చింది. ఇల్లు తినే చుట్టం చప్పుడు చేయడు. ఇక తెలివి పనికిరాదని తెలిసింది. వాకిట్లో ఎనిమిది మంది, గోడకు ఆనించి మూడు కర్రలు ఉన్నాయి. లెక్క చూసుకుని చెప్పాను.

"అవ్వా, పంటిల పెట్టింది పాషాణం. నరాన్ని చంపెతందుకు. బుధవారమే తియ్యాలె. ఎల్లుండి రమ్మని మీకు నోటితోని చెప్పమన్నడు డాక్టరు. నేను చెప్పలే. చీటీ గూడ సరిగ్గ రాయలే. ఇంక ఉంచితె దవడెముక పోతది."

అవ్వ నోట్లో ఉన్న పేలాలు నమలడం ఆపింది. మింగాలా ఉమ్మాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ఉమ్మింది.

"ఓ కొడుకా," అంది నెమ్మదిగా. కొడుకు ముందుకు వచ్చాడు. "వాకిలి గొండ్లెం పెట్టు."

పెట్టాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

"ఇది తీసేదాక వీన్ని బయటికి పోనియ్యకు," అంది అవ్వ. "ఏంది చూస్తున్నవ్ కంపౌండరూ. తియ్యి."

"కామారెడ్డి పోదాం అవ్వా. డాక్టర్ సాబు తీస్తడు. నేను మర తొక్కేటోన్ని."

"ఆఖరు బస్సు పోయె. ఇగ రేపు పొద్దుగాల గద."

"అవును."

"రేపటికి దవడ ఉంటదని రాసిస్తవా?"

రాతపని మాట ఎత్తగానే నేను పెట్టె తెరిచాను.

అవ్వను ఎండ పడేచోట మంచం మీద కూర్చోబెట్టాం. కొడుకు ఇంట్లోంచి అద్దం తెచ్చి ఎండను నోట్లోకి తిప్పాడు. ఆయన చేయి వణికితే ఎండ అవ్వ ముక్కుమీదికి, నా కళ్ళలోకి, చూడ్డానికి వచ్చినవాళ్ళ మీదికి తిరిగింది. అవ్వ నా కుడి చెవి పట్టుకుంది.

"ఇదెందుకు?"

"నాకు నోట్ల చెయ్యి ఉన్నప్పుడు మాట్లాడరాదు. నొస్తె పిండుత. నీకు తెలుస్తది."

బొంబాయి నుంచి ఎన్నో పనిముట్లు వచ్చాయి. నొప్పిని అంత కచ్చితంగా చూపే పనిముట్టును నేను మళ్ళీ చూడలేదు. కొంకి ముద్దకు తగలగానే చెవి కొద్దిగా బిగిసింది. నడిమికి గీకాను. చెవి వదులైంది. చిగురు దిక్కు ఒక వెంట్రుకవాసి జరిగాను. చెవి తలనుంచి విడిపోయి నా కోసం కామారెడ్డిలో ఎదురుచూస్తానందో ఏమో, నాకు చప్పుళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ నడిమికి వచ్చాను. సబ్బులో ఇరవై సార్లకు నేర్చుకోనిది అక్కడ రెండు పిండుళ్ళకు నేర్చుకున్నాను.

ముద్ద పొట్టు పొట్టుగా లేచింది. ఎనిమిది మంది ఒకేసారి ముందుకు వంగితే వెలుతురు పోయింది. కొడుకు జీవితంలో మొదటిసారి గొంతు పెంచి, "జరుగుండ్రి" అన్నాడు. అవ్వ నోరు తెరిచి ఉండగానే కళ్ళతో అతన్ని మెచ్చుకుంది. చివరికి ఆవగింజలో సగం ఉన్న దూదిపోగు బూడిదరంగులో కొంకికి తగులుకుని బయటికి వచ్చింది. దాన్ని నిప్పులో వేశాను. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పదిసార్లు పుక్కిలించమన్నాను. అవ్వ ఇరవైసార్లు పుక్కిలించి, ఆఖరుసారి నా కాళ్ళకు అంగుళం దూరంలో ఉమ్మింది. ఆ అంగుళం క్షమాపణ అనుకున్నాను.

ఆ పూట నాకు అన్నం పెట్టారు. అవ్వ పక్కనే కూర్చుంది.

"నువ్వు చెప్పకుంట తియ్యొచ్చు గద," అంది. "డాక్టర్ సాబు పంపిండు, కొత్త మందు పెట్టాలె అంటె నేను నోరు తెరుద్దును."

ఆ ఆలోచన నాకు రాలేదు. వస్తే చెప్పేవాణ్ణి కాను. అదే మాట ఆమెకు చెప్పాను.

"తెలివి తక్కువోనివి," అంది. "అందుకే ఇంకింత పప్పు పోస్తున్న."

మర్నాడు అవ్వతోనే బస్సెక్కడానికి ఎల్లారెడ్డి వచ్చాను. కచేరీ ముందు మున్షీ సాబు కనిపించాడు. గడ్డం నెరిసిన మనిషి, అర్జీలు రాసి రాసి మామూలు మాటలు కూడా సవినయంగా మొదలుపెట్టేవాడు. సంగతి చెబితే ఆయన ఏమాత్రం తొణకలేదు.

"నువ్వు క్రియ రాయలే," అన్నాడు. "క్రియ లేకపోతే వాక్యం లావారిస్. ఎవ్వరు దొరికిచ్చుకుంటె వాళ్ళది. నేను జరిగిన దానికి రాసుకున్న. నా తప్పేంది?"

"ఎల్లుండి అని అడగొచ్చు గదా సాబ్."

"అర్జీనవీసు దగ్గరికి వచ్చేటోళ్ళంత జరిగిపోయిందే చెప్తరు. జరగబోయేది ఎవ్వడు చెప్తడు?"

అంతలో బస్సు హారన్ కొట్టింది, అవ్వతోపాటు నేనూ పరిగెత్తాను.

కామారెడ్డిలో డాక్టరు సాబు అవ్వ నోరు చూసి, తెల్లచిగురును మెల్లగా తడిమి, ఎముక గట్టిగా ఉందని తేల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత ముళ్ళసూది పంటిలోకి దించి, అరచుట్టు తిప్పి, నరాన్ని లాగాడు. అంగుళం లేదు, తెల్లదారం ముక్క. అవ్వ దాన్ని వేలిమీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గింతదేనా, మా ఊరంత లేపింది," అంది.

వేరులో చెట్టుపాలతో చేసిన సన్నపుల్ల నింపి, పైన మూశాడు. అవ్వ వెళ్ళాక నేను డాక్టరు సాబుకు అసలు సంగతి చెప్పాను, నోటితో చెప్పలేదన్నది కూడా. ఆయన నూరు చీటీలు ముందు పెట్టి, "ఎల్లుండి రండి" అని మూడు భాషల్లో రాయమన్నాడు. జుక్కల్ దిక్కు నుంచి వచ్చే మరాఠీవాళ్ళ కోసం వాళ్ళ భాషలోనూ రాయాలని ఒకాయన్ని అడిగితే 'పరవా' అన్నాడు. మొన్నను ఏమంటారయ్యా అంటే అదీ 'పరవా'నే అన్నాడు. ఆ జబ్బు అటూ పాకిందన్నమాట. కన్నడంవాళ్ళు ఈ బాధ లేకుండా బతికారట. మన తెలుగు మొన్ననూ ఎల్లుండినీ వేర్వేరు గదుల్లో పెట్టి, మధ్యన నేడనే ముసలిదాన్ని కాపలా కూర్చోబెట్టింది. ఇంత ముందుచూపు ఉన్న భాష పంటివైద్యం కోసమే పుట్టి ఉండాలి.

తర్వాత ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది, పెట్రోలు కరువై బస్సు బొగ్గుతో నడిచింది, అంటే ఇంకా ఎక్కువ మోశాం. పట్నం నుంచి తిమ్మిరి సూది వచ్చింది. పాషాణం బుడ్డిని డాక్టరు సాబు ఊరి బయట లోతుగా గుంట తీయించి పూడ్చాడు. నరాన్ని అదే పూట బతికుండగానే లాగడం మొదలైంది. సూది దొరికినన్నాళ్ళు మేం ప్రపంచంలో అందరికంటే తెలివైనవాళ్ళం. అయితే ఆయన హైదరాబాదులో పెద్ద డాక్టర్ల మాటలు వినివచ్చి మరో మతం పుచ్చుకున్నాడు. నరం చచ్చిన పన్ను ఒంట్లో విషపు కుండ అట. మోకాళ్ళనొప్పి, కళ్ళమసక, అజీర్తి, అన్నీ దాన్నుంచేనట. మందు పెట్టి మేం బతికించిన పళ్ళన్నీ ఇప్పుడు పిలిచి పిలిచి పీకాలట. ఏ మతమైనా చేరిన కొత్తలోనే గట్టిగా ఉంటుంది. మీ ఇప్పటి పద్ధతి కూడా ఎవరో ఒకరు పూడ్చిపెడతారు. ఆ రోజు నవ్వే ఓపిక మీకు ఉండాలని కోరుకుంటాను.

ఆ కొత్తలోనే మోకాళ్ళనొప్పికి సర్కారు దవాఖానాకు వచ్చిన అవ్వ, మమ్మల్ని పలకరించడానికి మక్కకంకుల మూటతో దిగింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గొంతు మాత్రం అలాగే ఉంది. డాక్టరు సాబు కళ్ళు మెరిశాయి.

"అవ్వా, మోకాళ్ళనొప్పి మోకాళ్ళది కాదు. ఆ పంటిదే. అది తీసేస్తె నువ్వు ఉరుకుతవ్."

"ఏ పంటిది?"

"మనం నరం తీసిన పన్ను. సచ్చిన పన్ను విషం, తెలుసునా."

అవ్వ కుర్చీలో కూర్చుంది. ఇలాంటప్పుడు ఆమె తొందరపడేది కాదు.

"అప్పుడు నరం సంపుతె పన్ను బతుకుతదంటివి. ఇప్పుడు సచ్చింది గనుక పీకాలె అంటున్నవ్. నీ మాట నిలుస్తలేదు, నా పన్ను నిలిచింది. మరి రెండిట్ల ఏది పీకాలె?"

నేను మర వెనక్కి పోయి నిలబడ్డాను. అక్కడైతే నవ్వు కనిపించదు.

"కొత్త ఇల్మ్ అవ్వా, కొత్త శాస్త్రం. పెద్ద పెద్దోళ్ళు చెప్పిన్రు," అన్నాడు డాక్టరు సాబు ఓపిగ్గా. "అసలు గట్టిగ ఉన్నదో లేదో. లోపల కుళ్ళితె ఊగుతది. ఏదీ, ఒక్కసారి చూడనియ్యి."

"చూడు," అంది అవ్వ. నోరు తెరిచింది.

ఆయన కుడిచేతి చూపుడువేలు ఆ పంటిమీద పెట్టి అటూ ఇటూ కదిపాడు. అవ్వ ఆయన కళ్ళలోకి చూస్తూ, ఏ తొందరా లేకుండా నోరు మూసింది.

ఆ సాయంత్రం మా కేసుల పుస్తకంలో డాక్టరు సాబు స్వయంగా ఒక వాక్యం రాశాడు: "పన్ను గట్టిగా ఉన్నది, తీయనక్కరలేదు." అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఎడమచేత్తో రాశాడు.